డబ్బా కడిగి తెస్తున్న పదో తరగతి పిల్ల

సుబేదారి తల్లి, హనుమకొండ
ఆదివారం, రాత్రి 9.50

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదిహేనేళ్లు, పదో తరగతి చదువుతోంది. మూడు వారాలుగా దాని మధ్యాహ్నం డబ్బా శుభ్రంగా కడిగి ఇంటికి వస్తోంది. ఇది చదివి కొందరికి నవ్వు రావచ్చు గానీ, ఇన్నేళ్ల బడి చదువులో ఒక్కనాడు కూడా డబ్బా కడగని పిల్ల అది. మూతకు అంటుకున్న పప్పు ఎండిపోతే నేనే నానబెట్టి గోకేదాన్ని. డబ్బా తళతళలాడుతూ వస్తుంటే మొదటి వారం మురిసిపోయాను, రెండో వారం అనుమానం వచ్చింది, మూడో వారం దాని స్నేహితురాలి తల్లి చెబితే సంగతి తెలిసింది. అన్నం, కూర అంతా పక్క బెంచీ పిల్లలకు పంచేసి, కుళాయి దగ్గర డబ్బా కడుక్కుంటోందట.

ఎక్కడ మొదలైందా అని ఆలోచిస్తే, పోయిన నెల నర్సంపేటలో మా ఆడబిడ్డ మనవడి పుట్టువెంట్రుకల ఫంక్షన్ గుర్తుకు వచ్చింది. అక్కడ పెద్దమ్మ వరుస ఆమె ఒకరు పంక్తిలో అందరి ముందు "ఏందే, గింత దొడ్డుగైనవ్? మీ అమ్మ ఏం పెడుతుంది నీకు?" అన్నది. పిల్ల నవ్వింది, పక్కన కూర్చున్న మేమూ నవ్వాము. మేము నవ్వడమే నన్ను ఇప్పుడు ఎక్కువగా బాధిస్తోంది.

రాత్రి మాతో కూర్చుని చపాతీ తింటుంది, అదీ కూర లేకుండా. అన్నం తింటే కొవ్వు పెరుగుతుందని ఫోనులో ఎక్కడో చూసిందట. మొన్న అర్ధరాత్రి వంటింట్లో చప్పుడైతే లేచి చూశాను. చీకట్లో బియ్యం డ్రమ్ము పక్కన నిలబడి, సంక్రాంతికి చేసిన సకినాలు గబగబా తింటోంది. నన్ను చూసి ఏడ్చింది. ఏమనాలో తెలియక వెనక్కి వచ్చేశాను. దాని ఎత్తు [తొలగించాము], బరువు [తొలగించాము]. తిట్టాలా, బతిమాలాలా, చూడనట్టు ఉండాలా? మార్చిలో పరీక్షలు ఉన్నాయి. పెద్దలు దయచేసి చెప్పండి.


వేదిక నిర్వాహకులు
ఆదివారం, రాత్రి 10.15

సభ్యురాలు రాసిన అంకెలను తీసివేశాము. ఈ చర్చను పదో తరగతి, ఇంటర్ పిల్లలు కూడా చదువుతారు కాబట్టి, ఒకరి కిలోలు ఇంకొకరికి కొలబద్ద కాకూడదన్నది మా ఉద్దేశం. పిల్లల కిలోలు గానీ, వారు రోజూ తినే కేలరీల లెక్క గానీ ఎవరూ రాయవద్దని మనవి.


కాజీపేట నాన్న
సోమవారం, ఉదయం 6.40

నిర్వాహకుల మాటను గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతున్నాను. అంకెలు దాచినంత మాత్రాన బరువు దాగదు. మా నాన్నగారు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పని చేసి, రిటైరైన నాలుగో ఏట షుగరు వల్ల కాలి వేళ్లు పోగొట్టుకున్నారు. మా అన్నకు నలభై నిండకముందే షుగరు వచ్చింది. మా బాబుకు పద్నాలుగేళ్లు, రెండంతస్తుల మెట్లు ఎక్కితే రొప్పుతాడు. వాడిని నేను "డ్రమ్ము" అని పిలుస్తాను. ముద్దుగానే పిలుస్తాను గానీ, సిగ్గుపడైనా తగ్గుతాడన్న ఆశ కూడా అందులో ఉంది. కన్నవాళ్లం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? చెల్లెమ్మ గారి బాధ నాకు అర్థమైంది. కానీ ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదన్న దారిలో ఈ చర్చ పోతే, నాలాంటి వాళ్లు ఇక్కడ నేర్చుకునేది ఏమీ ఉండదు.


ఆహార నిపుణురాలు, కరీంనగర్
సోమవారం, మధ్యాహ్నం 2.05

కాజీపేట అన్నగారి భయాన్ని నేను కొట్టిపారేయను, ఇంట్లో షుగరు ఉన్నవాళ్లు భయపడవలసిందే. అయితే జబ్బు గురించి చెప్పడం వేరు, ఒంటిని గురించి అనడం వేరు. లావైన పిల్లలకు ఒక దారి, తిండి మానేసే పిల్లలకు ఇంకో దారి అని మనం అనుకుంటాం. అమెరికాలోని శిశువైద్యుల అకాడమీ 2016లో ఈ రెండు సమస్యలకూ కలిపి ఒకే సూచనలు విడుదల చేసింది. పిల్లలను డైటింగులోకి దింపవద్దు, వాళ్ల బరువు గురించీ మీ సొంత బరువు గురించీ వాళ్ల ముందు మాట్లాడవద్దు, ఇంట్లో వెక్కిరించవద్దు, వీలైనన్ని పూటలు కలిసి తినండి అన్నది వాటి సారాంశం. వెక్కిరింపు వల్ల పిల్లలు తగ్గడం నేను చూడలేదు. దాక్కుని తినడం మాత్రం చాలా చూశాను.

ఇక ఫోనులో ఎత్తు, బరువు కొడితే వచ్చే బీఎంఐ సంగతి. అందులోని 18.5కు తక్కువైతే బక్క, 25 దాటితే లావు అన్న హద్దులు పెద్దవాళ్లవి. పిల్లలకు వయసును బట్టి, ఆడ మగ తేడాను బట్టి హద్దు మారుతుంది. మన దేశపు పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో సవరించిన ఎదుగుదల పటాలు ఉన్నాయి, 5 నుంచి 18 ఏళ్ల దాకా వాటినే వాడాలి. అందులో కూడా ఒక్క రోజు పెట్టిన చుక్కతో పెద్దగా తెలిసేది ఏమీ ఉండదు. ఏళ్ల తరబడి పెట్టిన చుక్కలు ఏ గీత వెంట పోతున్నాయి, ఉన్నట్టుండి పైకి లేచాయా, కిందికి జారాయా అన్నదే చూస్తాం. మనిషి పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం పదేళ్లకు, పంతొమ్మిదేళ్లకు మధ్యనే చేరుతుంది. ఆడపిల్లలకు నడుము, తొడల దగ్గర కొవ్వు చేరడం కూడా అప్పుడే జరుగుతుంది, ఒంటికి అది అవసరం. అందుకే ఎదిగే వయసులో పిల్ల బట్టలు బిగుతు కావడం మాకు వింత కాదు, మూడు వారాల్లో వదులు కావడమే మమ్మల్ని కంగారు పెడుతుంది.

సకినాల విషయం వేరుగా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి సమ్మతితో, ఆరు నెలల పాటు సగం కడుపుకే తిండి పెట్టి చూశారు. రోజుకు ఇంచుమించు 1,570 కేలరీలు ఇచ్చారు. కొద్ది వారాలకే వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు సేకరించారు, కంచాలు నాకారు, చిరాకుపడ్డారు, దిగులుపడ్డారు. తిండి మీద ఆంక్ష తీసేశాక కడుపు నిండినా ఆపుకోలేకపోయారు. వాళ్లంతా ఎదిగిన మగవాళ్లు, ఒప్పుకుని వచ్చినవాళ్లు. అదే స్థితిలో ఉన్న పదిహేనేళ్ల పిల్ల రాత్రి పన్నెండింటికి సకినాల డబ్బా తీస్తే, దానికి అదుపు లేదని కాదు అర్థం, పగలంతా మాడ్చిన కడుపు రాత్రికి తన బాకీ వసూలు చేసుకుందని. బీఎంఐ అన్న పేరును 1972లో వ్యాప్తిలోకి తెచ్చింది కూడా ఈ కీస్ గారి బృందమే. అది జనసమూహాలను పోల్చడానికి పుట్టిన లెక్క, మన పిల్లలు దానితో అద్దం ముందు నిలబడుతున్నారు.

అన్నం మాట. బియ్యం, జొన్న, గోధుమ ఏది తీసుకున్నా 100 గ్రాములకు వచ్చే శక్తి కొంచెం అటూ ఇటూగా ఒకటే. చపాతీ తింటే తగ్గుతాం, అన్నం తింటే పెరుగుతాం అన్నది వట్టి నమ్మకం. జొన్నలో పీచు ఎక్కువ కాబట్టి ఆకలి ఆలస్యంగా వేస్తుంది, అంతవరకే తేడా. మన కంచంలో లోపం అన్నం ఉండడం కాదు. ముప్పావు కంచం అన్నమే ఉండి, కూర తొక్కులా ఒక మూలకు ఉండడం లోపం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉంటాయి. ఎదిగే పిల్లకు పప్పో గుడ్డో రోజూ ఉండాలి. అమ్మా, మీరు ముందుగా చేయవలసిన పని మాత్రం పిల్లల వైద్యుడికి చూపించడం.


కేయూ డిగ్రీ విద్యార్థిని
సోమవారం, రాత్రి 11.20

అక్కా, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నాలుగేళ్ల క్రితం ఆ పిల్లను నేనే. నేను డబ్బా కడిగేదాన్ని కాదు. బస్టాండు దగ్గరి కుక్కకు పెట్టేదాన్ని, నన్ను చూడగానే అది తోక ఊపుతూ వచ్చేది. ఫోనులో ఒక యాప్ నాకు రోజుకు ఇంత తినాలని లెక్క కట్టింది. పైన మేడం గారు చెప్పిన యువకులకు పెట్టినదానికన్నా అది తక్కువని ఈరోజే తెలిసి ఒళ్లు జలదరించింది.

మొదటి నెలలో అందరూ మెచ్చుకున్నారు. అది చాలా ప్రమాదకరమైన నెల. చుట్టాలు, టీచర్లు, మేనత్త, చివరికి మా వీధి టైలరమ్మ కూడా కొలతలు తీస్తూ "మస్తు సన్నబడ్డవ్ బిడ్డా, ఎట్ల?" అని అడిగింది. ఆ మెప్పు కోసం ఇంకా మానేశాను. తరువాత తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు వచ్చేది. ఎండాకాలంలో కూడా చేతులు చల్లగా ఉండేవి. ఐదు నెలలు నెలసరి రాలేదు. మా అమ్మ థైరాయిడ్ అనుకుంది, ఎవరో దిష్టి అన్నారు. ఒకరోజు ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోతే, ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి "నీకు తినాలంటే భయమేస్తుందా?" అని అడిగారు. అంతకుముందు ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు, "ఎందుకు తింటలేవు" అని మాత్రమే అడిగారు.

మీరు ఆ రాత్రి వెనక్కి వచ్చేయడం తప్పు కాదు. కానీ ఈసారి లైటు వేసి, పక్కన కూర్చుని, మీరు కూడా ఒక సకినం తీసుకోండి. మా అమ్మ అలాగే చేసింది. ఏమీ అనలేదు. నాకు ఆ రాత్రి ఇప్పటికీ గుర్తుంది.


పరకాల పీఈటీ
మంగళవారం, ఉదయం 5.30

ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పని చేస్తున్నాను. నా తప్పు ముందుగా ఒప్పుకుంటాను. బడిలో పిల్లల బరువులు తూచే రోజు అందరినీ వరసలో నిలబెట్టి, దూరంగా కూర్చుని రిజిస్టరు రాసే పిల్లవాడికి వినబడేలా ఒక్కొక్కరి కిలోలు గట్టిగా అరిచి చెప్పేవాడిని. వరసంతా నవ్వేది. నాకు అది పని తొందరగా తెమిలే పద్ధతి మాత్రమే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ప్రతి సంవత్సరం సరిగ్గా ఆ రోజే బడికి రాకపోవడం నేను గమనించడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు తూకం గదిలో పెట్టి, ఒక్కొక్కరినే పిలిచి, నేనే రాసుకుంటున్నాను.

రెండో తప్పు, ఆలస్యంగా వచ్చిన వాళ్లను గ్రౌండు చుట్టూ పరుగెత్తించడం. పరుగును శిక్ష చేసి, తరువాత పిల్లలు పరుగెత్తడం లేదని మేమే బాధపడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే ఆట కావాలంటుంది. మా బడిలో జనవరి రాగానే పదో తరగతి వాళ్ల ఆటల పీరియడును లెక్కల సారు తీసుకుంటారు, సాయంత్రం స్పెషల్ క్లాసులు ఉంటాయి. ఆడపిల్లలైతే ఏడో తరగతి దాటాక ఖోఖో ఆడడానికి వాళ్ల ఇంట్లో కూడా ఒప్పుకోరు. పిల్లలను కదలకుండా కూర్చోబెట్టి లావెక్కారని అనడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

మా జిల్లాల పిల్లలకు నేను దీప్తి జీవాంజి గురించి చెబుతుంటాను. పర్వతగిరి మండలం కల్లెడ ఆమెది. చిన్నప్పుడు ఆమె రూపాన్ని చూసి ఊళ్లో వాళ్లు వెక్కిరించేవారని ఆమె తల్లిదండ్రులే చెప్పారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచింది. కాజీపేట సార్, మీ అబ్బాయిని నా దగ్గరికి పంపమని అడగను గానీ, ఉదయం వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి మీరూ వాడితో కలిసి నడవండి. వాడిని తగ్గించడానికి కాదు, ఊరికే తోడు కోసమే వెళ్లండి.


కాజీపేట నాన్న
మంగళవారం, రాత్రి 8.30

పీఈటీ గారు తన తప్పు రాసిన తరువాత నేను బింకంగా ఉండడం బాగుండదు. ఇందాక భోజనాల దగ్గర బాబును పేరు పెట్టి పిలిచాను. వాడు తలెత్తి, నేను కోపంగా ఉన్నానా అన్నట్టు చూశాడు. అంతకన్నా చెప్పడానికి నాకు మాటలు రావడం లేదు.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. పేరు పెట్టి పిలిస్తే షుగరు రాకుండా పోదు కదా. వాడి మెడ వెనక నల్లగా, మందంగా అయింది. మా ఆవిడ ఆదివారం ఆదివారం సున్నిపిండి పెట్టి, పీచుతో తోమి తోమి వాడిని ఏడిపిస్తోంది. అది పోవడం లేదు. ఏం చేయాలో వైద్యులెవరైనా చెప్పగలరా?


పిల్లల వైద్యుడు, హనుమకొండ
బుధవారం, మధ్యాహ్నం 3.15

ముందుగా తోమడం ఆపించండి. అది మురికి కాదు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి ముఖమల్ గుడ్డలా మందమైతే, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయడం లేదనడానికి అది ఒక గుర్తు కావచ్చు. షుగరు వచ్చేసిందని అర్థం కాదు, పరీక్ష చేయించాలని అర్థం. పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, కొవ్వులు, కాలేయం పరీక్షలు, బీపీ చూస్తారు. చాలామంది నేరుగా థైరాయిడ్ పరీక్ష అడుగుతారు. థైరాయిడ్ తక్కువైన పిల్లల్లో సాధారణంగా ఎత్తు ఎదగడం కూడా నెమ్మదిస్తుంది, ఎత్తు బాగా ఎదుగుతున్న పిల్లవాడి లావుకు అది కారణం కావడం అరుదు.

ఎదిగే వయసులో చాలామంది పిల్లలకు కిలోలు తగ్గించడం మా లక్ష్యం కాదు. బరువు నిలకడగా ఉంచితే ఎత్తు పెరిగి అదే సర్దుకుంటుంది. దానికి ఒక్క బాబు కంచం మారిస్తే కుదరదు, ఇంటిల్లిపాదిదీ మారాలి. తండ్రి కూల్‌డ్రింకు తాగుతూ కొడుకును మానమంటే వాడు బయట తాగుతాడు. పావు లీటరు సీసాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు. దాన్ని అసలు ఇంటికే తీసుకురాకండి, ఆ మాట ఎత్తి ఉపన్యాసం చెప్పవలసిన పని కూడా ఉండదు. నిద్ర సంగతి ఎవరూ అడగరు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు పడుకోవాలి, నిద్ర తక్కువైతే ఆకలి, ముఖ్యంగా తీపి మీద కోరిక, పెరుగుతుంది.

సుబేదారి అమ్మగారూ, మీ పాప విషయం దీనికన్నా తొందర పడవలసినది. చూడడానికి బక్కగా లేకపోయినా, తక్కువ రోజుల్లో ఎక్కువ తగ్గిన పిల్లలకు గుండె వేగం తగ్గడం, కళ్లు తిరగడం, నెలసరి ఆగడం వంటివి జరుగుతాయి. తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకోవడం, పదేపదే అద్దంలో పొట్ట చూసుకోవడం, వదులు బట్టలు వెతుక్కోవడం ఉన్నాయేమో గమనించండి. వీటిలో ఏది ఉన్నా పరీక్షలు అయిపోయాక చూద్దామని వాయిదా వేయవద్దు. రాత్రివేళ దిక్కు తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళనైనా పలుకుతారు.


ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్
బుధవారం, రాత్రి 10.45

నేను జగిత్యాల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ చదువుకుంటున్నాను. ఇక్కడ ఎక్కువగా ఆడపిల్లల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. నాకు ఛాతీ దగ్గర కొంచెం ఉబ్బుగా ఉంటుంది. హాస్టల్లో స్నానాల దగ్గర ఒక పేరు పెట్టారు, ఆ పేరు ఇక్కడ రాయలేను. ఎండాకాలంలో కూడా బనియను మీద బనియను వేసుకుంటాను. రూమ్మేటు ఒకడు జిమ్ములో ఎవరో ఇంజెక్షన్ ఇస్తారని, రెండు నెలల్లో ఛాతీ గట్టిపడుతుందని చెప్పాడు. అది మంచిదేనా సార్?


పిల్లల వైద్యుడు, హనుమకొండ
బుధవారం, రాత్రి 11.30

తమ్ముడూ, ఆ ఇంజెక్షన్ జోలికి వెళ్లవద్దు. కండల కోసం ఇచ్చే స్టెరాయిడ్లు నీ వయసులో ఎముకల చివర ఎదిగే భాగాన్ని ముందే మూసేసి ఎత్తును ఆపేయగలవు. పైగా నువ్వు దేనికి భయపడుతున్నావో ఆ ఉబ్బును అవే పెంచగలవు. యవ్వనం వచ్చే ఏళ్లలో మగపిల్లల్లో హార్మోన్ల మార్పు వల్ల ఛాతీ ఉబ్బడం చాలా మామూలు. చాలామందికి ఏడాది, రెండేళ్లలో దానంతట అదే తగ్గుతుంది. నొప్పి ఎక్కువైనా, తగ్గకుండా పెరుగుతున్నా వైద్యుడికి చూపించు. నీ క్లాసులో ఇంకా కొందరు బనియను మీద బనియను వేసుకుంటున్నారని నేను ఖాయంగా చెప్పగలను.


వేదిక నిర్వాహకులు
గురువారం, ఉదయం 9.00

బరువు తగ్గించే పొడి అమ్ముతామంటూ, ముందు, తరువాత ఫోటోలతో ఒక సభ్యుడు పెట్టిన రెండు ప్రకటనలను తొలగించి, ఆయన సభ్యత్వం నిలిపివేశాము.


ఆహార నిపుణురాలు, కరీంనగర్
గురువారం, ఉదయం 11.25

మంచి పని చేశారు. ఆ పొడి డబ్బా మీద ప్రభుత్వ అనుమతి ఉందని ఆయన రాశారు గదా, దాని గురించి ఒక్క మాట. తినే పదార్థం ఏది ప్యాక్ చేసి అమ్మినా దాని మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉండాలి, మిక్చరు ప్యాకెట్టు మీద కూడా ఉంటుంది. వ్యాపారానికి లైసెన్సు ఉందని మాత్రమే దాని అర్థం. అది బరువు తగ్గిస్తుందని ఎవరూ తేల్చి ఇచ్చిన ముద్ర కాదు.


జగిత్యాల అమ్మమ్మ
గురువారం, సాయంత్రం 4.50

మా మనుమరాలు చదివి వినిపిస్తుంటే నేను చెప్పింది తనే టైపు చేస్తోంది. పుట్టువెంట్రుకల దగ్గర ఆ మాట అన్నామె మీద అందరికీ కోపంగా ఉన్నట్టుంది. మా కాలంలో "దొడ్డుగైనవ్" అంటే కడుపు నిండా తింటున్నావు, బాగున్నావు అని సంతోషపడడమే. కరువు చూసినవాళ్లం, బక్కగైన పిల్లను చూస్తే మాకు గుబులు. పెద్ద మనసును దొడ్డ మనసు అంటాం గదా, ఆ మాటే ఇది. ఇప్పుడు అదే మాట పిల్లల గుండెలో ముల్లులా దిగుతోందని తెలిశాక, మేమూ నోరు కట్టుకోవాలి. అరవై ఏళ్ల అలవాటు కాబట్టి ఒక్కరోజులో పోదు, మనుమరాలు గిచ్చి గుర్తు చేస్తోంది.

తిండి సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతాను. పదో తరగతి పిల్లలు సాయంత్రం నాలుగున్నరకు ఆకలితో కాలిపోతుంటారు. అప్పుడు చేతిలో ఏముంటే అది తింటారు, బడి గేటు ముందర మిర్చి బండి ఉంటే మిర్చి తింటారు. రాత్రి బొబ్బర్లో, శనగలో నానబెట్టి, పొద్దున ఉడికించి, ఉల్లిగడ్డ, ఇంత నిమ్మకాయ పిండి గుగ్గిళ్లు చేసి చిన్న డబ్బాలో పెట్టండి. పల్లీలు, బెల్లం పెట్టండి. ఇప్పుడు జామకాయలు వస్తున్నాయి. గంగవాయిలి కూర పప్పులో వేయండి, పుంటికూర చేయండి. సర్వపిండి చేస్తే నూనె తక్కువ వేసి, సొరకాయ తురిమి కలపండి, పిల్లలకు తెలియను కూడా తెలియదు. పండుగకు చేసిన సకినాలు దాచిపెట్టకండి. దాచినకొద్దీ వాటి మీదే మనసు పోతుంది. మలీద ముద్దలు, సకినాలు పాపపు తిండి అని నేర్పితే, ఆ పిల్ల ఇంక బతుకమ్మ ఎట్లా ఆడుతుంది?


ఆహార నిపుణురాలు, కరీంనగర్
గురువారం, రాత్రి 7.10

అమ్మమ్మ గారు నిమ్మకాయ పిండమన్నది రుచికే కావచ్చు గానీ, గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపే సాయం చేస్తుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే మాత్రం ఆ ఇనుము సరిగా పట్టదు, గంట ఆగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. బడిలో వారానికొకటి ఇచ్చే నీలి రంగు ఇనుము మాత్రను చాలామంది పిల్లలు వికారమని కిటికీలోంచి పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. అన్నమే మానేసిన పిల్ల ఆ మాత్రను ఖాళీ కడుపున వేసుకుంటుందన్నది మరచిపోవద్దు.

గేటు ముందరి బండి గురించి: 2020లో వచ్చిన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్నవి పిల్లలకు అమ్మకూడదు. కాగితం మీద ఉంది. బండివాళ్ల పొట్ట కొట్టాలని నేను అనను, ఆ బండి మీదే ఉడికించిన మక్క కంకులు, గుగ్గిళ్లు పెట్టుకోమని పేరెంట్స్ కమిటీ అడగవచ్చు.


సుబేదారి తల్లి, హనుమకొండ
తరువాతి శుక్రవారం, రాత్రి 10.05

అందరికీ దండాలు. వెంటనే రాయలేకపోయాను. సోమవారం డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళ్లాము. తూచేటప్పుడు పాపను యంత్రానికి వీపు పెట్టి నిలబడమని చెప్పి, అంకె మాకు ఎవరికీ వినిపించకుండా రాసుకున్నారు. గుండె వేగం పరవాలేదన్నారు, రక్తం తక్కువగా ఉంది, రెండు వారాలకు ఒకసారి రమ్మన్నారు. మాట్లాడడానికి సైకాలజిస్టు దగ్గరికి కూడా రాసి ఇచ్చారు. మా ఆయన మొదట "పిచ్చి డాక్టరు ఎందుకు?" అన్నారు గానీ, కాజీపేట అన్నగారు రాసినవి చదివి వినిపించాక మౌనంగా స్కూటరు తీశారు.

ఆ పెద్దమ్మ ఒక పెండ్లికి పిలవడానికి ఫోన్ చేసింది. మా పిల్ల ముందర ఒంటి మాట ఎత్తవద్దని చెప్పాను. "మేము అనకూడదా? మాకు ఆ మాత్రం హక్కు లేదా?" అని ఫోన్ పెట్టేసింది. ఇంకా మాట్లాడడం లేదు. జగిత్యాల అమ్మమ్మ గారి మాటలు ఆమెకు పంపాలని ఉంది గానీ ధైర్యం చాలడం లేదు.

సకినాల డబ్బాను వంటింటి అలమారలోంచి తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. బొబ్బర్ల గుగ్గిళ్లు రెండు రోజులు తిన్నది, మూడో రోజు బాగాలేవన్నది, ఉప్పు నిజంగానే ఎక్కువైంది. మధ్యాహ్నం డబ్బా నిన్న, ఈరోజు అడుగున ఇంత అన్నం మిగిలి, కడగకుండానే వచ్చింది. మొన్న బుధవారం మాత్రం మళ్లీ తళతళలాడుతూ వచ్చింది. నేను ఏమీ అడగలేదు.


కేయూ డిగ్రీ విద్యార్థిని
తరువాతి శుక్రవారం, రాత్రి 10.20

అక్కా, బుధవారం వాళ్ల బడిలో పదో తరగతి గ్రూప్ ఫోటో ఏమైనా తీశారా?


సుబేదారి తల్లి, హనుమకొండ
తరువాతి శుక్రవారం, రాత్రి 10.32

దాన్ని అడగకుండా, వాళ్ల స్నేహితురాలి తల్లికి ఫోన్ చేసి కనుక్కున్నాను. తీశారట.